‘గెట్’ అనే మాటా, స్లొవేనియా బామ్మగారూ

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మేవారు కారు. ఎమ్మే ఇంగ్లీషు, ఫస్టు క్లాసు, పైగా ముందుగదిలో గోడ మీద డిగ్రీ పుచ్చుకున్ననాటి నల్లకోటు ఫోటో. పెళ్ళై అమెరికా వచ్చి బాతెల్‌లో దిగాక మాత్రం అసలు సంగతి బయటపడింది. షాపులో బిల్లు వేసే అమ్మాయి నవ్వుతూ "హౌ ఈజ్ యువర్ డే గోయింగ్?" అని అడిగితే, దానికి రాయాల్సింది రెండు మార్కుల జవాబా, పది మార్కుల జవాబా అని నేను తేల్చుకునేలోపు వెనకాల లైను పెరిగిపోయేది. "గుడ్, థాంక్యూ అంటే సరిపోద్ది కదే" అనేవారు మా ఆయన. (ఒడ్డున ఉన్నవాళ్ళు ఎన్నైనా చెబుతారు.) మొగుడి వెంట వచ్చిన హెచ్-ఫోర్ వీసా మనిషిని, ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, బయట చూస్తే వాన తెరిపివ్వదు. చివరికి, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న లైబ్రరీలో ఇంగ్లీషు ఉచితంగా నేర్పుతున్నారని తెలిసి, నా డిగ్రీ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకుండా వెళ్ళి చేరిపోయాను.

అక్కడ పాఠం చెప్పేది రిటైరైన ఒక అమెరికన్ ఆవిడ. మేం ఏం మాట్లాడినా "గుడ్ జాబ్" అనేవారు కాబట్టి నేను ఆవిడకి గుడ్‌జాబ్ మేడం అని పేరు పెట్టుకున్నాను. తుమ్మినా గుడ్ జాబే. ఆవిడ మమ్మల్ని జంటలుగా కూర్చోబెడితే నా పక్కకి వచ్చినావిడ స్లొవేనియా బామ్మగారు. (స్లొవేనియా, స్లొవేకియా ఒకే దేశానికి రెండు పేర్లనుకునేదాన్ని. ఆ మాట ఆవిడ ముందు ఒక్కసారే అన్నాను, మళ్ళీ అనలేదు.) పొట్టి మనిషి, చెవులకి ఎర్రరాళ్ళ దుద్దులు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని గౌను. పేరుతో పిలవమన్నారు గానీ అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, ఆంటీ అన్నాను. వాళ్ళ దేశంలో చిన్నపిల్లల బడిలో జీవితమంతా టీచరుగా చేశారట. ఇక్కడ కొడుకు, అమెరికన్ కోడలు, నాలుగేళ్ళ మనవడు. కొడుకు పొద్దుపోయాక ఇంటికి వస్తాడు, వచ్చాక అందరితో పాటు ఇంగ్లీషే మాట్లాడతాడు. "మై లిటిల్ బాయ్ థింక్... గ్రాండ్‌మా నో టాక్" అన్నారు ఒకరోజు బామ్మగారు, పెదాల మీద వేలు పెట్టి చూపిస్తూ. నానమ్మకి అసలు మాటలే రావని ఆ పిల్లాడు అనుకుంటున్నాడట. ఆవిడ నవ్వుతూనే చెప్పారు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు.

క్లాసులు అయిపోయే రోజు ఇంట్లోవాళ్ళని కూడా పిలుస్తామనీ, జంటకో క్రియ తీసుకుని, దాని అర్థాలు మా మా భాషల్లో ఎలా చెబుతామో నిలబడి వివరించాలనీ గుడ్‌జాబ్ మేడం ప్రకటించారు. మాకు ‘గెట్’ వచ్చింది. ఇంత చిన్న మాటేనా అని సంబరపడ్డాం. తీరా లైబ్రరీ నిఘంటువు తెరిస్తే దానికి అడుగు కనబడలేదు. ఉత్తరం అందినా గెట్, ఇల్లు చేరినా గెట్, ముసలివాళ్ళం అయినా గెట్, మంచం దిగినా, ఉప్పు కొన్నా, జ్వరం తగ్గినా, చెప్పింది తలకెక్కినా గెట్. మన తెలుగులో దేని మాట దానికి ఉంది. బామ్మగారినడిగితే వాళ్ళకీ అంతేనట. ఒకే గరిటెతో పప్పూ పాయసం వడ్డించే అలవాటు మా రెండిళ్ళలోనూ లేదని తేలాక మాకు ఒకరి మీద ఒకరికి గౌరవం పెరిగింది. ఇంగ్లీషు వాక్యం, దాని తెలుగు నేను చెప్పాలి, వెంటనే ఆవిడ స్లొవేనియన్ మాట చెప్పాలి, ఇదీ ఒప్పందం. ముందువరసలో మనవడిని కూర్చోబెడతానని, వాడు వింటాడని, ఆవిడ ఆ వారమంతా హుషారుగా ఉన్నారు.

ఇక్కడే నా చదువు నా కొంప ముంచింది. ఎక్కాల దగ్గర్నుంచి ఎమ్మే దాకా నేను నేర్చిందంతా బట్టీయమే. పెద్దావిడ, జనాన్ని చూసి కంగారుపడి మరిచిపోతే అందించడానికి ఉంటుందని ఆవిడ రాసుకున్న కాగితం చూసి ఆవిడ వంతు కూడా నేనే కంఠతా పట్టడం మొదలెట్టాను. దోబీతి, ప్రీతి, పోస్తాతి, రజుమేతి, కుపీతి, అన్నీ ‘తి’తోనే ముగుస్తాయి, బట్టీయానికి ఇంతకన్నా అనువైన భాష ఉండదు. అంట్లు తోముతూ, అన్నం వారుస్తూ ఒకటే వల్లెవేత. "ఏ దేవుడి మంత్రమే అది?" అని అడిగారు మా ఆయన. బట్టీయానికి ఒక జబ్బుంది, అది పట్టినవాళ్ళకే తెలుస్తుంది. మొదలెడితే మధ్యలో ఆగదు. ఎవరైనా ఆపితే మళ్ళీ మొదటినుంచి రావాల్సిందే.

ఆ రోజు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ముందువరసలో బామ్మగారి కోడలు, పక్కన చేతిలో కుకీతో మనవడు, వెనకాల మా ఆయన. ఇంతమంది కళ్ళు ఒక్కసారి నా మీద పడేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంగ్లీషు, తెలుగు, స్లొవేనియన్ కలిపి ఏకధాటిగా ఒప్పజెప్పేస్తున్నాను. పక్కన బామ్మగారు తన వంతు వచ్చినప్పుడల్లా నోరు తెరవడం, ఆ మాట నేనే అనేయడం, ఆవిడ నోరు మూసుకోవడం. గుడ్‌జాబ్ మేడం ఇది గమనించి "వన్ మినిట్" అని చెయ్యెత్తారు. ఆగాను. ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను. అంతా అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఊపిరి పీల్చుకుని చూస్తే, ఆ పిల్లాడు కాళ్ళూపుతూ నానమ్మ కేసి చూస్తున్నాడు. ఆవిడ ఇంకా ఒక్క మాటా మాట్లాడలేదు. చెప్పడానికి నేను ఒక్కటీ మిగల్చలేదు.

"గుడ్ జాబ్" అన్నారు మేడం.

"నో" అన్నారు బామ్మగారు. "నాట్ గుడ్."

ఆవిడ నా వైపు తిరిగి, మంచం దిగడానికి నేను చెప్పిన ‘వస్తాతి’ని పట్టుకున్నారు. "ఉస్తాతి" అన్నారు. నేను మళ్ళీ వస్తాతి అన్నాను. "నో. ఉస్తాతి." వేలితో బల్ల మీద కొట్టి మరీ చెప్పించారు. తరవాతి మాటకి నాలుక ఎక్కడ ఆనాలో నోరు తెరిచి చూపించారు. పట్టుచీరలో చేతులు కట్టుకుని ఒకటో తరగతి పిల్లలా నిలబడ్డాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ అటు తిరిగి, నవ్వడం కాదు, మీరూ అనండి అన్నట్టు చేతులెత్తారు. అంతే, మా క్లాసులోని కొరియా దంపతులు, మెక్సికో వంటాయన, గుడ్‌జాబ్ మేడం, అందరూ కలిసి అన్నారు. మా ఆయన గొంతు అందరికన్నా పెద్దగా, అందరికన్నా తప్పుగా వినిపించింది. రెండో విడతలో ముందువరసలోంచి ఒక సన్నటి గొంతు తేటగా, ఒక్క తప్పూ లేకుండా "ఉస్తాతి" అంది.

బామ్మగారు ఆగిపోయారు. వంగి, ఆ పిల్లాడితో వాళ్ళ భాషలో ఏదో అన్నారు. ఒక్క మాట కాదు, ఇన్నాళ్ళుగా దాచుకున్నదంతా కాబోలు, చాలాసేపు మాట్లాడారు. వాడికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కుకీ సంగతి మరిచిపోయి నోరు తెరుచుకుని విన్నాడు. విని, తల్లి వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పాడు. "మామ్, షి టాక్స్ ఎ లాట్."

బయట సన్నగా వాన పడుతోంది. పార్కింగ్‌లో వాడు నానమ్మ వేలు పట్టుకుని కారు చూపిస్తున్నాడు, చెట్టు చూపిస్తున్నాడు, తన బూట్లు చూపిస్తున్నాడు. చూపించినదానికల్లా ఆవిడ పేరు చెబుతున్నారు. కోడలు కారు తలుపు తెరిచి పట్టుకుని కూడా వాళ్ళని తొందరపెట్టలేదు. "మరి వెళ్దామా?" అన్నారు మా ఆయన. కాస్త ఉండండి అన్నాను. ఇన్నేళ్ళయ్యాక, ఇప్పుడు నా ఇంగ్లీషుకి ఏ లోటూ లేదు, ఆఫీసు మీటింగుల్లో ఆచితూచి, తప్పు దొర్లకుండా మాట్లాడతాను. నేను మాట్లాడితే దిద్దాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఆ పట్టుచీర అమ్మాయి మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఒక పెద్దావిడ నోరు తెరిచి దిద్దక తప్పనన్ని తప్పులు అంత ధైర్యంగా చెప్పడం ఇప్పుడు నావల్ల కాదు.