బాపు బ్యాడ్జీతో రోమ్

చదువుకోవడానికి రోమ్ వచ్చాక ఇదే మొదటి వేసవి. మొన్న రాతి స్తంభాల మధ్య చెమటలు కక్కుతూ నిలబడితే నవ్వొచ్చింది. నేను చిన్నప్పుడు చూసిన రోమ్‌లో గజగజ వణికాను.

అప్పుడు నాకు ఆరేళ్లు. సౌదీలో, రియాద్ నగరంలోని మలాజ్ పేటలో ఉండేవాళ్లం. ఉద్యోగాలు ముందు సౌదీవాళ్లకే అంటూ నితాఖత్ అనే రూలు వచ్చింది. బాపు నన్నూ అమ్మనూ ఊరికి పంపేయాలనుకున్నాడు. మేం బయల్దేరడానికి ముందు శుక్రవారం, "నడువుండ్రి, రోమ్ జూసొద్దాం" అన్నాడు.

"మన పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరున్నయి గద బాపూ?" అన్నాను. కఫీల్ అంటే బాపును పనికి పెట్టుకున్న సౌదీ యజమాని.

"గా రోమ్‌కు నా బ్యాడ్జీ సాలు బిడ్డా."

అమ్మ స్వెట్టర్లు తొడిగి, పులిహోర కట్టింది. టాక్సీ ఓ మాల్ ముందు ఆగింది. లోపల రోమ్ వీధిలా రాతి స్తంభాలు, ఫౌంటెన్, పైకప్పు నిండా నీలాకాశం. బాపు ఏసీలు, లైట్లు చూసే మెకానిక్‌గా పనిచేసేది అక్కడేనని నాకు తెలియదు. కాసేపటికి బ్యాడ్జీ ఆనించి, గోడలోని చిన్న తలుపు తీసుకుని వెళ్లాడు. ఆకాశం మెల్లగా చీకటైంది, చుక్కలు వెలిగాయి. రోమ్‌లో పొద్దు గూకించేది మా బాపేనని ఊరెళ్లాక అందరికీ చెప్పాను.

మొన్న సాయంత్రం ఫోన్ చేసి, "ఈడ మస్తు ఉడ్కపోస్తుంది బాపూ" అన్నాను.

"మెయింటెనెన్సోళ్లు ఎవలు లేరా బిడ్డా?" అన్నాడు బాపు.