సరోజక్క చేతులు

ఈ మాట నా గొంతుకు ఎన్నేళ్లుగానో అడ్డంపడి ఉంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే కాబోలు చెప్పగలుగుతున్నాను.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర పెళ్లిపత్రికలు వేసే చిన్న ప్రెస్సులో నేనూ సరోజక్కా టైపు చేసేవాళ్లం. అక్క టైపుమిషన్ మీద నేర్చుకున్న మనిషి. కీబోర్డు వైపు చూసేదే కాదు. వచ్చినవాళ్లతో కబుర్లాడుతూనే పత్రిక మొత్తం కొట్టేసేది. నేను గుంటూరు నుంచి వచ్చి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో తంటాలు పడేదాన్ని. నేను ఖాళీగా ఉన్నా జనం అక్క కోసమే కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ప్రెస్సు యజమాని సేటు పాత కంప్యూటర్లు రెండూ తీసేసి ఒక్క కొత్తది తెచ్చాడు. పెళ్లిళ్ల రోజులు అయిపోయాక ఒక్క మనిషే చాలన్నాడు. కంప్యూటర్ సిద్ధం చేసే పని నాకు అప్పజెప్పాడు. సెట్టింగుల్లో కీబోర్డుల దగ్గర నా లేఅవుట్, అంటే ఏ మీట కొడితే ఏ అక్షరం పడాలో ఆ అమరిక, పెట్టాను. అక్కది, ఆ టైపుమిషన్ లేఅవుట్, అదీ పెట్టాను. తర్వాత అక్కది తీసేశాను.

ఎందుకు? ఒక్కపూట ఆమె తడబడితే చూడాలనిపించింది. ఏం చేశావే అని నన్ను తిడుతుంది, నవ్వేసి మళ్లీ పెట్టేద్దాం అనుకున్నాను. నిజంగా అంతేనా? ఆ ఉద్యోగం నాకే మిగలాలని లోపల లేదా? ఉంది.

మర్నాడు అక్క ఎప్పటిలాగే చూడకుండా ఒక వరస కొట్టింది. తలెత్తితే తెర మీద అర్థంపర్థం లేని అక్షరాలు. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. నేను నిర్ఘాంతపోయింది అప్పుడే. ఆమె నన్ను అనుమానించలేదు, కంప్యూటర్‌నీ అనుమానించలేదు. తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"నా వేళ్లు గిట్ల చేస్తున్నయేందే? జర నువ్వు కొట్టి సూడు," అంది.

కొట్టాను. నాకు చక్కగా వచ్చింది.

"మిషన్ బాగానే ఉందక్కా," అన్నాను.

"మా అమ్మకు పక్షవాతం గిట్లనే షురూ అయింది," అంది మెల్లగా.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ లేఅవుట్ తిరిగి పెట్టడానికి ఎంతసేపు? పెట్టలేదు. భయమనుకున్నాను. కానీ సేటు ఆమెను ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమన్నప్పుడు నా గుండెల్లో కదిలింది భయం కాదు, సంతోషం. నాలో ఇంత పాడు మనిషి ఉందా అని ఈనాటికీ అనుకుంటాను. అక్క మళ్లీ పనిలోకి రాలేదు. డాక్టర్ ఏమీ లేదన్నా ఆమె నమ్మలేదని తర్వాత విన్నాను.

పోయిన వారం ఫలక్‌నుమా స్టేషన్‌లో కనిపించింది. పక్కన కూతురు, ఆ పిల్ల చంకలో పసిబిడ్డ. టికెట్ కొనడానికి కూతురు బిడ్డను అందించబోతే అక్క చేతులు కొంగులో దాచుకుంది.

"నాకియ్యకు బిడ్డా. కింద పడేస్త," అంది.

ఇన్నేళ్లూ ఆమె ఉద్యోగం మాత్రమే లాక్కున్నానని అనుకుంటూ వచ్చాను.

దగ్గరికి వెళ్లలేదు. రైలు వచ్చింది, ఎక్కేశాను. ఇంటికెళ్లాక అన్నం ముందు కూర్చుంటే నా చేతులే నాకు పరాయివిగా కనిపించాయి.

సరోజక్క చేతులకు ఏమీ కాలేదు. ఏనాడూ ఏమీ కాలేదు. ఈ ఒక్క మాట బయటికి వచ్చాక కాస్త ఊపిరి ఆడుతోంది. వినాల్సిన మనిషి మీరు కాదని మాత్రం నాకు తెలుసు.