తోక ముందు, ఇంటిపేరు వెనక

మా కోడలు అంగూరు తోటల మీద పీహెచ్‌డీ చేస్తది. శంషాబాద్ చుట్టూ ఒకప్పుడు ఎటు చూసినా అంగూరు పందిళ్లే అంటే ఇప్పటోళ్లు నమ్మరు. తొండుపల్లిల మా మిద్దె ఎక్కితే ఇప్పుడు కనిపించేవి గోదాములు, హోటళ్లు, నెత్తి మీదికెళ్లి దిగే విమానాలు. ఆ తోటల్ల నేను పండ్లు పెట్టెలకెత్తిన. పెట్టె అడుగున పరిచే పాత పేపర్ల మీదనే అక్షరాలు నేర్చుకున్న. బడి మొహం చూడలేదు. అందుకే చదువుకున్నోళ్లు ఏం చేస్తున్నా పక్కన కూసుండి చూడబుద్ధయితది. ఇంట్ల అందరికీ అదొక పరేషాన్.

కోడలు షాద్‌నగర్ కాలేజీల పాఠాలు చెప్పి వచ్చి, వంట ముగించి, ల్యాప్‌టాప్ ముందట కూసుంటది. యూనివర్సిటీ గడువు ఒకసారి పెంచింది, ఇగ పెంచేది లేదన్నది. శుక్రవారం లోపల గైడు సారు సంతకం పడకపోతే ఇన్నేండ్ల కష్టం మట్టిల కలిసినట్టే. అధ్యాయాలన్నీ బాగున్నయన్న సారు ఒక్క ఆఖరి జాబితా కాడ ఆగిండు. ఆమె ఫోన్ స్పీకర్ల పెట్టింది కాబట్టి నేను కూడ విన్న.

"ఏమ్మా, ఒకే మనిషి మూడు చోట్ల మూడు పేర్లతో ఉన్నాడేమిటి? పరీక్షకులు ముందు పట్టుకునేది ఇదే. ఇది సరిచేయనిదే నేను సంతకం పెట్టలేను."

సారుది కోస్తా. కోపమొచ్చినా మర్యాద తప్పడు.

జాబితా అంటే ఏందని కోడలును అడిగిన. ఎవరెవరి పుస్తకాలు, వ్యాసాలు చదివి రాసిందో వాళ్ల పేర్లన్నీ ఆఖరున చెప్పుకోవాలెనంట. అవి దాచిపెట్టేటందుకు ఆన్‌లైన్ల ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నది. వ్యాసం ఉన్న పేజీ చూపెడితే చాలు, రాసినోళ్ల పేరు, వ్యాసం పేరు, అచ్చయిన ఏడాది అన్నీ అదే ఏరి తెచ్చుకుంటది. అధ్యాయంల ఒక్క మీట నొక్కితే జాబితాల అదే వరుస పెడతది. నాకు సంబరమైంది. పిలువంగనే ఉరికొచ్చే పనిమంతుని లెక్క కనబడ్డది.

"తెచ్చుడు బాగనే ఉన్నది బిడ్డా. మరి ఒక మనిషిని మూడు ముక్కలు చేసుడేంది?"

ఆమె తెరిచి చూపెట్టింది. పేరుకు రెండు డబ్బాలు. ఒకటి ఇంటిపేరుకు, ఒకటి మనిషి పేరుకు. తెల్లదొరల దేశంల ఇంటిపేరు ఆఖరున ఉంటది కాబట్టి, మనోళ్ల పేర్లల్ల గూడ ఆఖరి మాటనే ఆ సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు డబ్బాల ఏసింది. కొన్ని పేర్లు మా కోడలు చేత్తో కొట్టింది, ఇంటిపేరు ఇంటిపేరు లెక్కనే. ఇంకొన్ని పొడి అక్షరాలతోటి వచ్చినయి. గట్ల ఒకాయన ముగ్గురైండు. జాబితా చూస్తే నాకు మండింది. రెడ్లంతా ఒక బారు, గౌడ్లంతా ఒక బారు, కులసంఘం భోజనాల పంక్తి లెక్క!

"రెడ్డి ఇంటిపేరు ఎన్నడైంది? తోక తెచ్చి ముందట పెట్టి, ఇంటిపేరును వెనక తోస్తరా? మేం పెట్టె మీద తోట ఆసామి ఇంటిపేరు రాసి మండికి పంపేటోళ్లం. ఉత్తగ రెడ్డి అని రాస్తే ఎవని పెట్టె ఎవనికి ముట్టాలె?"

"నామీద ఒర్లుతరేంది మామా, నేను చేసిన్నా దాన్ని?"

నిజమే, ఆమె చేయలేదు. ఇద్దరం కూసున్నం. ఆమె ఒక్కొక్క పేరు చదువుతది, ఇది ఇంటిపేరు, ఇది తోక అని నేను తీర్పు చెప్తున్న. ఒకామె పేరు ముందట ఒక్కటే అక్షరం ఉన్నది. "ఇంటిపేరే, పొట్టిగ రాసుకుంది" అన్న. కోడలు నమ్మక ఆమెకే మెయిల్ పెట్టింది. సాయంత్రం జవాబు వచ్చింది. ఆమెది తమిళనాడంట. ఆ అక్షరం నాయన పేరు. వాళ్లకసలు ఇంటిపేర్లే ఉండయంట!

"ఇంటిపేరు లేకుంటే పెండ్లి సంబంధాలు ఎట్ల చూసుకుంటరు? ఒక్క ఇంటోళ్లేనని ఎట్ల తెలుస్తది?"

"ముందుగాల నా థీసిస్ కానియ్యుండ్రి మామా, వాళ్ల పెండ్లిళ్లు తర్వాత చూద్దాం."

ఆమె చాయ్ పెట్టవోయింది. పేరు డబ్బాల పక్కన ఒక చిన్న బొమ్మ చాలాసేపటి సంది నన్ను గుంజుతున్నది. అదేందో చూద్దామని నొక్కిన. రెండు డబ్బాలు ఒక్కటై కూసున్నయి. కోడలు ఉరికొచ్చింది.

"ఏం జేసిండ్రు! ఏమన్న పోయిందా?"

పోలేదు. విడగొట్టిన పేరు మళ్ల అతుక్కుని, రాసినాయన ఎట్ల రాసుకుంటడో గట్లనే నిలబడ్డది. ఇంటిపేరు ముందట, తోక వెనక. ఆమె ఇంకో పేరు మీద నొక్కింది. అదీ గంతే. ఇగ మనోళ్ల పేర్లన్నీ ఒక్క డబ్బాల చేర్చి, పొడి అక్షరాలున్న కాడ పూర్తి పేరు కొట్టి, బయటోళ్లయి ఉన్నయి ఉన్నట్టు విడిచిపెట్టింది. ముగ్గురైనాయన మళ్ల ఒక్కడైండు.

గురువారం సారుకు పంపింది. పొద్దుమూకంగ ఫోనొచ్చింది.

"బాగుందమ్మా. కానీ ఈ తెలుగువాళ్ల పేర్లు మాత్రం తిరగేయకుండా ఇచ్చారు. ఏ పద్ధతి ప్రకారం?"

కోడలు నా దిక్కు చూసింది. "మా ఊరి పద్ధతి సార్."

సారు నవ్విండు.

"నా మొదటి వ్యాసంలో నా పేరు తిరగేసి అచ్చువేశారు. మా అమ్మకు చూపిస్తే ఎవరబ్బాయి రాశాడురా ఇది అంది. సరే, ఎందుకిలా ఇచ్చారో ముందుమాటలో ఒక్క వాక్యం రాయండి. రేపు వచ్చి సంతకం తీసుకోండి."

ఆ వాక్యం నేను చెప్త అన్న. దొరల డబ్బాలు, పంక్తి భోజనాలు, మండి పెట్టెలు అన్నీ కలిపి ఒక పేజీ చెప్పిన. ఆమె మర్యాదగ విని ఒకటే రాసింది: "ఈ ప్రాంతపు రచయితల పేర్లను వారు రాసుకునే వరుసలోనే ఇచ్చాను."

"నా కోపమంతా ఏడవోయింది బిడ్డా?"

"కోపానికి గూడ రెఫరెన్సు పెట్టాలె మామా. ఏడికెళ్లి తేవాలె?"

తెల్లారి ఫస్ట్ బస్సుకే పోయింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. నా నెత్తి మీదికెళ్లి విమానం దిగుతుండె, సగమే వినబడ్డది.

"సంతకమైంది మామా!"

"సంతోషం బిడ్డా. మరి సారు ఇంటిపేరేంది, అడిగినవా?"