ఇంజిన్ ఆపినా తిరిగే పంపు

నా ఆఖరి పోస్టింగ్ గాజువాకలో, ఒక కార్ల డీలరు వర్క్‌షాపులో, సర్వీస్ మేనేజరుగా. రిటైరవడానికి ముందటి వేసవిలో జరిగిన సంగతి ఇది. అప్పటి ఫోర్‌మన్ ఖాదర్, వన్‌టౌన్ మనిషి. ఈమధ్యే పోయాడు. అతని మాటలు నాకు గుర్తున్నట్టే రాస్తున్నాను.

నూకరాజు టాక్సీ మాటిమాటికీ మా దగ్గరకొచ్చేది. ఒకప్పుడు బోట్ల మీద చేపల వేటకెళ్లేవాడు, ఇప్పుడు కారు కొనుక్కుని అరకు బేరాలు తోలుతున్నాడు. ఘాట్ ఎక్కి టీకి ఆగితే చాలు, కూలెంట్ మరిగి పొంగిపోతోందని ఫిర్యాదు.

పాత కార్లలో ఇంజిన్ చల్లబడేలా దాని చుట్టూ ఈ కూలెంట్ నీళ్లు తిప్పే పంపు బెల్టుతో నడుస్తుంది. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. ఈ కారుది కరెంటు పంపు. ఇంజిన్ ఆపాక కూడా వేడి తగ్గేదాకా బ్యాటరీ మీద తిరుగుతుంది. ప్రెషర్ టెస్టు చేశాం, లీకు లేదు. స్కానర్‌తో పంపు తిప్పి చూశాం, తిరిగింది. అయినా మార్చాం. మళ్లీ పొంగింది. ఇక ఇంజిన్ విప్పి, లోపల కూలెంట్ కారకుండా ఆపే హెడ్ గాస్కెట్ చూడాలి. అది అయ్యేదాకా నూకరాజుకి బేరం ఉండదు, పైగా సీజను.

విప్పే ముందు ఒక రోడ్ టెస్టు చేద్దామన్నాడు ఖాదర్. ముగ్గురం సింహాచలం కొండెక్కాం. పైన నూకరాజు ఇంజిన్ ఆపాడు. పంపు సన్నగా గుయ్యిమంటోంది. అతను సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో నొక్కాడు. ఆ చప్పుడూ ఆగింది.

"ఏటి సేసినావు?" అన్నాడు ఖాదర్.

"బేట్రీ కట్ సేసినాను భాయ్. బోటు ఒడ్డుకొచ్చాక కట్ సెయ్యకపోతే పొద్దున్నకి డౌనే గదా. దీనికీ స్విచ్ ఏయించినాను. ఇంజిన్ ఆపీసినా లోన ఏటో గుయ్యిమంటంది, కరెంటు తినేత్తంది."

"బాగుంది బావా. మరి లంగరేది? బండి కొట్టుకుపోద్దేమో!"

నూకరాజు నవ్వలేదు. ఆ గుయ్యిమనేది నీళ్లు తిప్పే పంపేనని నేను చెప్పాను. "ఆ గోల పంపుదని ముందే సెప్పాల గదా!" అన్నాడు.

అప్పటికే బానెట్ కింద బుస మొదలైంది. బ్యాటరీ స్విచ్ మళ్లీ నొక్కించి, ఇగ్నిషన్ ఆన్ చేయించాను. పంపు తిరిగింది, బుస మెల్లగా తగ్గింది.

ఇంజిన్ విప్పలేదు. స్విచ్ మాత్రం పీకేశాం. దానికీ ఒప్పుకోలేదు నూకరాజు. బ్యాటరీ డౌనైతే నువ్వొచ్చి తోస్తావా అని ఖాదర్‌ని నిలదీశాడు.

"తోత్తాను. నువ్వు తెడ్డెయ్యకుండా కూకో సాలు."

మేం అతన్ని అడిగినవన్నీ బండి నడిచేటప్పటి సంగతులే: స్పీడెంత, ఏసీ వేశావా, ఎంతమంది ఎక్కారు. ఆపాక ఏం చేస్తావని అడగలేదు. బెల్టు పంపు పోయి కరెంటు పంపు వచ్చింది, మా ప్రశ్నలు మారలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా వాళ్లకు ఒకటి చెబుతూ వచ్చాను: రోడ్ టెస్టులో ఇంజిన్ ఆగగానే కారు దిగకండి, డ్రైవరు చేతులు ఎటు పోతాయో చూడండి.