గణపతి చూసిన పదకొండు పేజీలు

గణపతిది జగిత్యాల దిక్కు. సూరత్‌లో పాండేసర పక్కనే బమ్రోలి, అక్కడ ఒక్క గది, భార్య సుమన, డైయింగ్ మిల్లులో బట్టల తాన్లు మడతపెట్టే పని. కాంట్రాక్టు కూలీ కాబట్టి మిల్లు హాజరు పుస్తకంలో అతని పేరు లేదు. చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. ముప్పై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని కూర్చున్నాడు.

అతను ఎంచుకున్న ప్రోగ్రామింగ్ భాష ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాన్ని పెట్టుకుని కోట్లు గడించే కంపెనీలున్నాయి. కానీ ఏ ఆజ్ఞ ఎలా రాయాలో చెప్పే పేజీలను పైసా తీసుకోకుండా సరిదిద్దేది వాలంటీర్లు. తెలుగు పేజీలు రాసేది సూరత్‌లోనే లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే సాంబయ్య కూతురు జమున. ఆమెది చీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీసే దుకాణంలో ఉద్యోగం. సెలవు రోజున ఈ పని.

గణపతికి మొదట దొరికింది పాతబడిన పేజీ. భాష మారింది, పేజీ మారలేదు. పదిహేను రోజులు అదే ఉదాహరణ కొట్టి కొట్టి, తన బుర్రే మొద్దని నమ్మాడు. చివరికి పేజీ కింద ఉన్న చిరునామాకు ఉత్తరం రాస్తే జమున జవాబిచ్చింది: “తప్పు నీది కాదన్నా, పేజీది.”

ఆ తర్వాత అతనూ వాలంటీరయ్యాడు. రాసిన మనిషి తన పేజీ తాను పరీక్షించకూడదు, అది అక్కడి పద్ధతి. రెండో మనిషి ప్రతి ఉదాహరణనూ సొంత చేత్తో టైపు చేసి, నడిస్తేనే కింద తన పేరూ తేదీ పెట్టాలి. జమున రాసేది, గణపతి చూసేవాడు. తెలుగుకు ఉన్నది ఈ ఇద్దరే.

2021లో ఆ ప్రోగ్రామింగ్ భాషకు కొత్త రూపు వస్తోందన్నారు. ఏప్రిల్ నెలాఖరుకు పేజీలన్నీ మళ్ళీ పరీక్ష కాకపోతే తెలుగు పేజీలు మొత్తంగా తీసేస్తామన్నారు. గణపతి నలభై పూర్తి చేశాడు. ఇంకా పదకొండు ఉండగా జ్వరం పట్టుకుంది. కరోనాతో ఊరంతా దగ్గుతున్నా మిల్లు ఆగలేదు, సెలవివ్వలేదు.

“పేజీలు పక్కకు పెట్టన్నా, జర పండుకో” అంది జమున ఫోన్లో.

“ఏంది, నువ్వే సెలవిస్తున్నవా? మా సేటు కన్న నువ్వే నయం” అని నవ్వబోయి దగ్గాడు. “పదకొండే గద. అయితయి తియ్.”

ఏప్రిల్ ఇరవై ఆరున పదకొండింటి కిందా అతని పేరు పడింది. జమున సంతోషించింది. మూడో రోజు గణపతి ఒక ఆసుపత్రి గేటు బయట ఆటోలోనే చచ్చిపోయాడు.

తెలుగు పేజీలు మాత్రం నిలిచాయి.

జూన్‌లో సిరిసిల్ల నుంచి ఒక పిల్ల రాసింది: “మూడో ఉదాహరణ నడుస్తలేదు మేడం. నాకే అర్థమైతలేదేమో.”

జమున పదకొండు పేజీలూ కూర్చుని చూసింది. ఏడు నడవలేదు. గణపతి పేరు పడిన సమయాలు చూసింది. ఉదయం పదిన్నర దాటాక, ఆరే ఆరు నిమిషాల్లో, పదకొండూ. ఆ పూట అతను తెల్లారినప్పటి నుంచి ఆసుపత్రి ముందు పడక కోసం వరుసలో ఉన్నాడని సుమన అంతకుముందే చెప్పింది. పరీక్షించకుండానే ఫోన్లోంచి నొక్కేశాడు. తన జ్వరం వల్ల తెలుగు పోతుందని భయపడ్డాడు.

అన్ని భాషలనూ చూసుకునే పద్మారాణికి ఉన్నదున్నట్టు రాసింది. “వారంలో ఇంకో మనిషిని తెచ్చి పరీక్ష చేయించు, లేదా తెలుగు పేజీలు వెనక్కి తీసుకో” అని జవాబు. జమున ఇంజనీరింగ్ పిల్లల గ్రూపుల్లో అడిగింది. తెలుగులో ఎవడు చదువుతాడక్కా, అన్నారు. చదివేవాళ్ళు ఆ గ్రూపుల్లో లేరు. వాళ్ళు మిల్లుల్లో, సాంచాల కాడ ఉన్నారు.

వారం చివర షేర్ ఆటో ఎక్కి బమ్రోలి పోయింది. సుమన చీరలు మడతపెడుతోంది. విషయమంతా విన్నది.

“మిల్లుకు పోయి అడిగితే, గా పేరుతోని మా దగ్గర ఎవడూ పని చెయ్యలేదన్నరు. ఆయన పని చేసిండని రాసున్నది నీ పేజీల కిందనే. గా పేరు గూడ తీస్తవా?”

“తియ్యాలె వదినా.”

“తీసి ఏమని రాస్తవు? దొంగని రాస్తవా?”

“ఛ, గదేం మాట?”

“కడమ నలభై నిజంగ చూసిండు గద?”

“చూసిండు. ఒక్కొక్కటి.”

“అవి ఉంటయా మరి?”

“ఉండవు. అన్నీ పోతయి.”

సుమన చేతిలోని చీర కింద పెట్టింది. “గా సిరిసిల్ల పిల్ల ఏమన్నది?”

“తనకే అర్థమైతలేదేమో అన్నది.”

“ఈయన గూడ గిట్లనే అనుకునె. పదిహేను రోజులు అన్నం సక్కగ తినలేదు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “తియ్. కని ఎందుకు తీసినవో నా ముంగట రాయి.”

పేజీలు వెనక్కి తీసుకోవాలంటే రికార్డులో కారణం రాయాలి. సాధారణంగా రెండు ముక్కలు రాస్తారు. జమున తెలుగులో, కింద తనకొచ్చిన ఇంగ్లీషులో రాసి, చదివి వినిపించింది: “గణపతి ఈ పదకొండు పేజీలు పరీక్షించలేదు. ఆ ఉదయం అతను విపరీతమైన జ్వరంతో, పడక కోసం ఆసుపత్రి గేటు ముందు నిలబడి ఉన్నాడు. అంతకుముందు నలభై పేజీలు పూర్తిగా పరీక్షించాడు.”

“మిల్లు సెలవియ్యలేదని గూడ రాయి.”

రాసింది.

“మిల్లుల పని చేసిండని రాయి.”

అదీ రాసి నొక్కింది.

సుమన తన ఫోన్ తీసింది. గణపతి పేరున్న, తాను ఎప్పుడూ చూసుకునే పేజీ తెరిచింది. దాని చోట ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది.

“ఏమన్నది గిది?”

“ఈ పేజీ తెలుగుల లేదంటున్నది వదినా.”