ఒక డిగ్రీ పైచిల్లర వాటం

నేను చేసే పనేందో మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతానని మాత్రం తెలుసు. దాంతోపాటు పీహెచ్‌డీ చేస్తున్నానని, అది ‘నియర్ ఫీల్డ్’ కొలతల మీదనీ మా నాన్న రాజుపాలెం అంతా చెప్పుకున్నాడు. ఫీల్డంటే చేనే గదా. ఓ ఆదివారం పక్కింటి బాబాయి వచ్చి, మా చేను గట్టు జరిపేశారు, కాస్త కొలిచిపెట్టమ్మా అన్నాడు. నేను కొలిచేది యాంటెన్నాలని చెబితే మొహం చిన్నబుచ్చుకుని పోయాడు.

యాంటెన్నా సిగ్నల్‌ని ఎటు ఎంత పంపుతుందో తెలియాలంటే మామూలుగా దూరం పోయి కొలవాలి. మా కాలేజీ డాబా మీద ఆ పని చేస్తే నీళ్ల ట్యాంకులు, ఇనప చువ్వలు, హాస్టల్ గోడ, అన్నీ కలిసి సిగ్నల్‌ని తిప్పికొట్టి లెక్కంతా పాడుచేస్తాయి. అందుకని దగ్గర్నుంచే కొలవటం నా పని. యాంటెన్నాని వెల్లకిలా పెట్టి, దానికి జానెడు ఎత్తున సిగ్నల్ పట్టే ఒక చిన్న ప్రోబ్‌ని పత్తి గింజలు పెట్టినట్టు సాలు సాలుగా, వేలి మందాన జరుపుకుంటూ పోవాలి. ప్రతి చోటా సిగ్నల్ బలమెంతో, దాని అల ఏ దశలో ఉందో రాసుకోవాలి. ఆ అంకెలన్నీ కంప్యూటర్లో పోస్తే దూరాన అది ఎట్టా ఉండిద్దో చెప్పిద్ది. గది దాటకుండానే మైలు అవతలి సంగతి తెలుస్తుందన్నమాట. ఇది మొదటిసారి అర్థమైన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

పెద్ద ల్యాబుల్లో దీనికి మెషిన్లుంటాయి. నేను సొంతంగా కట్టుకున్నాను. ఇనప ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి, ప్రోబ్ జరగటానికి మోటార్లు బిగించి, మట్టం చూసి నిలబెట్టాను. యాంటెన్నా పెట్టటానికి కదలని బల్ల కావాలంటే, నలభై ఏళ్లుగా బండలు వేసే మా నాన్న మాచర్ల నాపరాయి తెచ్చి, ఇటుక దిమ్మల మీద తనే వేసి పోయాడు.

ఇక కొలిస్తే తప్పు. కొలతకి పెట్టింది అందరికీ తెలిసిన మామూలు యాంటెన్నా, దాని సిగ్నల్ నిట్టనిలువుగా పైకే పోవాలి. నా లెక్కలో మాత్రం అది గుమ్మం వైపు ఒరిగింది, ఒక డిగ్రీ పైచిల్లర. ఎన్నిసార్లు కొలిచినా అదే. ప్రోగ్రామ్ మొదట్నుంచీ మళ్లీ రాశాను. కేబుళ్లు మార్చాను. పాపం, స్టూడెంట్లని ఊరికే తిట్టాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది, దాచేదేముంది. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. పది రోజుల్లో వచ్చే రివ్యూలో నెగ్గకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల చాకిరీ గంగపాలు.

ఆ వారంలోనే నాన్న కళ్లజోడు కోసం పేటకొచ్చి, బస్సు టైమయ్యేదాకా ల్యాబులో కూర్చున్నాడు. నా మొహం చూసి ఏందమ్మా అన్నాడు. విసుక్కుంటూనే చెప్పాను. అంతా విని ఎటు ఒరిగిందన్నాడు. గుమ్మం వైపన్నాను.

“గుమ్మం వైపే గదా ఒరగాల్సింది. నీళ్లు బయటికి పోవద్దా? వాటం పెట్టాను.”

మా వైపు బండ వేస్తే నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా వేస్తారు, దాన్నే వాటం అంటారు. ఆయన చేతికి అలవాటైపోయి ల్యాబులో బల్లకి కూడా పెట్టేశాడు. నేనేమో ఫ్రేమ్‌కి మట్టం చూశాను గానీ, నాన్న వేసిన బండ గదా అని దాన్ని చూడనే లేదు. ఎంత పెట్టావు నాన్నా అంటే అడుక్కి పావంగుళం అన్నాడు. లెక్కగట్టాను. ఒకటి పాయింట్ రెండు డిగ్రీలు. వారం నుంచీ నన్ను ఏడిపిస్తున్న అంకె సరిగ్గా అదే.

నాన్న నాలుక్కరుచుకుని, పాడుచేశానే తల్లీ అన్నాడు. పాడుచేయటమేంది, నేను కట్టిన మెషిన్ మా నాన్న చేతి వాటాన్ని కూడా పట్టేసింది. చంకలు గుద్దుకున్నాను. సివిల్ ల్యాబు నుంచి రసమట్టం తెప్పిస్తే ఆయన దిమ్మల మీద రాతి బిళ్లలు ఎక్కించి బండని సమం చేశాడు. మళ్లీ కొలిస్తే సిగ్నల్ నిట్టనిలువుగా నిలబడింది. నాన్న బస్సు తప్పిపోయింది.

రివ్యూ రోజు ఈ కథంతా చెబితే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నమ్మలేదు. జవాబు ముందే తెలిసినప్పుడు లెక్క కుదరక ఏమవుతుందమ్మా అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల మీద మీరే ఏదన్నా మార్చండి సార్, నేను బయటికి పోతాను, వచ్చి కొలిచి చెబుతానన్నాను. మా గైడ్ గారి మొహం పాలిపోయింది.

ఐదు నిమిషాలకి లోపలికి పిలిచారు. యాంటెన్నా ప్లేటు చుట్టూ పేపరు కప్పేశారు, ఏమీ కనపడదు. మోటార్లు నడిపాను. ప్రోబ్ ఒక్కో సాలూ దాటుకుంటూ పోయింది. లెక్క వచ్చింది. ఒకటికి రెండుసార్లు చూసుకుని చెప్పాను.

“కిటికీ వైపు ఎత్తారు సార్. మూడు నాలుగు మిల్లీమీటర్లు.”

ఆయన పేపరు తీసి, ప్లేటు కింద కిటికీ వైపు నుంచి రెండు వాషర్లు లాగాడు. జేబులోంచి స్కేలు తీసి వాటి మందం చూశాడు. మూడున్నర. ఆ వాషర్లు నా అరచేతిలో పెట్టి, థీసిస్ రాసుకోమ్మా అన్నాడు.

వరండాలోకి పరిగెత్తి నాన్నకి ఫోన్ చేశాను. సత్తెనపల్లిలో ఏదో ఇంటికి బండలు వేస్తున్నాడు, వెనక బండలు కోసే మెషిన్ మోత. నెగ్గాను నాన్నా అన్నాను. ఏందమ్మా, వినపడలా అన్నాడు. క్లాసులన్నీ జరుగుతున్నాయి, ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంది. అయినా గొంతు చించుకుని మళ్లీ చెప్పాను.