దేవసహాయం లారీ, నా గడకర్ర

ఏలూరు స్టేషన్లో ఉదయం ఐదున్నరకు దిగాం. ముసురు. జవాన్లం పద్నాలుగు మందిమి, మా హవల్దారు, గూడ్సు పెట్టె మీద కట్టి తెచ్చిన లారీ ఒకటి. ముప్ఫైల నాటి మాట. కొల్లేరు పొంగిందని మా కంపెనీకి వరద డ్యూటీ వేశారు. తుపాకీ కథ కావాలంటే నా దగ్గర లేదు. నా దగ్గరున్నది ఈ లారీ కథే.

దాన్ని నడిపేది దేవసహాయం. బెంగుళూరు నుంచి దారి పొడుగునా రైలు ఆగినప్పుడల్లా మేం కాఫీకి దిగితే, వాడు లారీ తాళ్ళు తడిమి చూడ్డానికి పరిగెత్తేవాడు. వాడిది తాడేపల్లిగూడెం. రైసుమిల్లు ఇంజను పక్కన పెరిగాడు. మోటారంటే పిచ్చి. కళ్ళు మూసుకుని, చప్పుడు విని, వచ్చేది ఏ బస్సో చెప్పేవాడు. నేను కొల్లేటి లంక వాణ్ణి. తాటిదోనెలో నిలబడి గడ వేస్తూ పెరిగాను. ఏడేళ్ళు ఒకే గుడారంలో ఉన్నాం. దోనె గొప్పా, మోటారు గొప్పా అని రోజూ తగువే.

మూడో రోజు ఉదయం ఏడింటికి ఆర్డరు వచ్చింది. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో కలరా. మందుపెట్టెలు రెండు, బియ్యం బస్తాలు ఇరవై, ఒక కంపౌండరు. రోడ్డు రెండు మైళ్ళు నీళ్ళలో ఉంది. గాలికి దోనెలు తిరగబడుతున్నాయి. ఆ ఊళ్ళోనే మా అక్క కాపురం. ఆ సంగతి దేవసహాయానికి ఒక్కడికే చెప్పాను.

"నీళ్ళు ఇరుసు దాటితే వెనక్కి తిప్పెయ్యి. లారీ పోతే జవాబు చెప్పుకోవాల్సింది నేను," అన్నారు హవల్దారు.

"అలాగేనండి," అన్నాడు వాడు. ఆ గొంతు నాకు తెలుసు. తిప్పడు.

ఫ్యాను బెల్టు విప్పేశాడు. లేకపోతే ఫ్యాను నీళ్ళు ఎగజిమ్మి ఇంజనుని తడిపేస్తుంది. వైర్ల మీద గ్రీజు దట్టంగా పూశాడు. ముప్పావు గంట పట్టింది.

"ఇంజను ఆగిందంటే పొగగొట్టంలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. ఇంక అంతేరా. నువ్వు ముందు నడు. నీ చెయ్యి ఎటు ఊపితే అటే వస్తాను," అన్నాడు.

గడ పుచ్చుకుని దిగాను. రోడ్డు కనబడదు. గడ గుచ్చడం, వెనక్కి తిరిగి చెయ్యి ఊపడం, మళ్ళీ గుచ్చడం. మొదటి మైలు బాగానే సాగింది. ఆ తర్వాత తప్పు చేశాను.

రోడ్డు కోసుకుపోయిన చోట ఎడమవైపు గడ సర్రున దిగింది. నా చెయ్యి దానంతటదే అటే రమ్మని ఊపింది. దోనె నడిపేవాడికి లోతున్న చోటే దారి. మెరక తగిలితే దోనె ఆగిపోతుంది. చిన్ననాటి అలవాటు, ఆ క్షణాన బుర్ర పని చెయ్యలేదు. లారీ ముందు చక్రం దభాలున దిగింది. నీళ్ళు ఇరుసు దాటి బానెట్ అంచుకు వచ్చాయి. నా గుండె ఆగినంత పనైంది.

ఇంజను మాత్రం ఆగలేదు. వాడు ఆగనివ్వలేదు.

"ఒరేయ్ అబ్బులూ! ఇది దోనె అనుకున్నావేంట్రా? లోతు నీ దారి, నాది మెరక దారి!" కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నాడు.

"తప్పైపోయిందిరా. వెనక్కి తిప్పేద్దామా?"

"మీ అక్క అక్కడుందిరా. మెరక వెతుకు, ఫో!"

ఊరి గట్టు మీద నుంచి ఎనిమిది మంది ఈదుకుంటూ వచ్చారు. తుంగ కోసి, కట్టలు కట్టి చక్రం కింద తొక్కారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఏవండీ డ్రైవరుగారూ, తొయ్యమంటారా?" అని అడిగాడు.

"తొయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది!"

ఇరవై నిమిషాలు. అంతసేపూ వాడి కాలు యాక్సిలరేటరు మీద నుంచి కదల్లేదు. పదీ యాభైకి ఊళ్ళోకి చేరాం. మా అక్క అప్పటికే మంచం పట్టి ఉంది. ఆ మందుతోనే లేచింది.

సాయంత్రం క్యాంపులో హవల్దారు లారీ చుట్టూ ఒకసారి తిరిగారు.

"నీళ్ళు ఎందాకా వచ్చాయయ్యా?"

"ఇరుసు దాకానండి."

ఆయన బానెట్ సందులోంచి మూరెడు తుంగపోచ లాగారు. దాన్ని చూశారు, వాణ్ణి చూశారు. "ఇంజను ఎలా ఉంది?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయారు. అలాంటివాడు నా స్నేహితుడని ఆ రోజు నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఇప్పటికీ అంతే.

తొమ్మిదో రోజు ఏలూరులో రైలెక్కి వెనక్కి వెళ్ళిపోయాం. రెండేళ్ళకి, సెలవు మీద ఇంటికొచ్చి, జ్వరంతో పోయాడు దేవసహాయం. నేనూ అప్పుడు సెలవులోనే ఉన్నాను, కబురు అందగానే వెళ్ళాను. తాడేపల్లిగూడెంలో ఆ రోజూ వానే. చుట్టుపక్కల బస్సుల డ్రైవర్లంతా వచ్చారు. శవపెట్టెను మిల్లు లారీ ఎక్కించారు. సమాధుల దొడ్డికి వెళ్ళే దారిలో మోకాలి లోతు నీళ్ళు. డ్రైవరు జంకాడు. నేను ఒక గడ అడిగి తెప్పించుకుని ముందు నడిచాను.

ఈసారి తప్పు చెయ్యలేదు. అడుగడుగునా గుచ్చి చూసి, మెరక మీదుగానే తీసుకెళ్ళాను. పాత అలవాటు కొద్దీ మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, కిటికీలో వాడి తల కోసం చూశాను. స్టీరింగు దగ్గర ఎవరో కొత్తతను ఉన్నాడు.